బరువు తగ్గే ఆపరేషన్ తరువాత తూకం ఆగిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి బేరియాట్రిక్ సర్జరీ జరిగేది విశాఖలోనో, విజయవాడలోనో, హైదరాబాదులోనో. తూకం ఆగేది మాత్రం ఇంటికి వచ్చాక, భీమవరంలోనో అమలాపురంలోనో, సర్జన్ ఫోను ఎత్తని ఆదివారం పూట. అప్పుడు డైటీషియన్‌ను అడిగే ప్రశ్నలు మనిషి మారినా మారవు. అందుకే జవాబులను దశలవారీగా రాసి పెట్టాను. మొదటి నుంచి చదవనక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

ఒక్క మాట ముందే చెబుతాను. తూకం ఆగడం వల్ల జరిగే నష్టం కంటే, ఆగిందన్న కంగారులో చేసే పనుల వల్ల జరిగే నష్టాన్నే నేను ఎక్కువగా చూస్తుంటాను. మీ సర్జన్ మీకు ప్రత్యేకంగా చెప్పినది ఇక్కడి మాటకు భిన్నంగా ఉంటే సర్జన్ మాటే వినండి.

## మొదటి మూడు నెలలు

ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది. మొదట జోరుగా తగ్గాను, ఇప్పుడు అంకె కదలడం లేదు. ఆపరేషన్ ఫెయిలయిందా?

లేదు. మూడో వారం దరిదాపుల్లో తూకం ఆగడం స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసి సన్నని గొట్టంలా చేసేది) అయినా, బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగులో కిందికి నేరుగా కలిపేది) అయినా తరచూ కనిపించేదే. మొదటి రోజుల్లో పోయిన కిలోల్లో కొవ్వు కొంతే. తిండి ఒక్కసారిగా పడిపోగానే, కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థాన్ని శరీరం వాడేసుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయ్యేకొద్దీ నీరు కూడా పోయి తూకం గబగబా పడుతుంది. తరువాత శరీరం సర్దుకుని కొంత గ్లైకోజెన్‌ను, దానితోపాటు నీటిని మళ్లీ చేర్చుకుంటుంది. కొవ్వు కరుగుతూనే ఉంటుంది, కానీ ఆ తగ్గుదలను నీరు కప్పేస్తుంది. ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు వారాల్లో అంకె మళ్లీ కదులుతుంది. ఈలోగా నీళ్లు, ప్రోటీన్, మాత్రలు, నడక తప్పకుండా చూసుకోండి. రోజుకు నాలుగు సార్లు మిషన్ ఎక్కడం మానండి.

తినేది గుప్పెడు కూడా లేదు. ఇంత తక్కువ తింటే బరువు ఆగడం ఎలా సాధ్యం?

మిషన్ కొవ్వును ఒక్కదాన్నే తూయదు. ఒంట్లో నీరు, పేగుల్లో మలం, ఆపరేషన్ గాయం మానేటప్పుడు వచ్చే వాపు, నెలసరి ముందు చేరే నీరు అన్నీ ఆ అంకెలో ఉంటాయి. ఐరన్ మాత్రలు వాడుతూ నీళ్లు తగ్గించినవారికి మలబద్ధకం దాదాపు ఖాయం. నాలుగు రోజులు విరేచనం కాకపోతే ఆ బరువూ కనబడుతుంది. మన కోనసీమ ఉక్కలో చెమట రూపంలో పోయే నీరు తక్కువేమీ కాదు, కానీ ఆపరేషన్ తరువాత గ్లాసుడు నీళ్లు గటగటా తాగలేరు. సీసా చేతిలో పెట్టుకుని గుక్క గుక్కగా రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే ఇంకా చాలడం లేదని అర్థం.

మళ్లీ ఐదు రోజులు ద్రవాహారం మీద ఉంటే కదులుతుందని ఒకరు చెప్పారు. చేయమంటారా?

వద్దు. పొట్టను మళ్లీ మొదటి స్థితికి తెస్తుందని ఈ ఐదు రోజుల ద్రవాహారం గురించి ప్రచారం ఉంది. ద్రవం తాగితే కుట్టిన పొట్ట చిన్నదైపోదు. ఆ ఐదు రోజుల్లో తగ్గేది ఎక్కువగా నీరే, మామూలు తిండికి రాగానే అది తిరిగి వస్తుంది. పైగా ద్రవాలు పొట్టలో నిలవవు కాబట్టి ఆకలి ఎక్కువవుతుంది, ప్రోటీన్ తగ్గి కండ కరుగుతుంది. మెత్తని ఆహారం నుంచి గట్టి ఆహారానికి వచ్చే దశలను సర్జన్ గాయం మానే వేగాన్ని బట్టి నిర్ణయిస్తారు. వెనక్కి వెళ్లాలన్నా ఆయనే చెప్పాలి.

నాతో పాటే ఆపరేషన్ అయిన ఆవిడ నెలలో పద్నాలుగు కిలోలు తగ్గింది. నేను ఎనిమిదే. నాకేమైనా లోపమా?

ఆవిడ మొదటి బరువెంత, వయసెంత, జరిగింది స్లీవా బైపాసా, షుగరు ఉందా, ఏ మందులు వాడుతోంది? ఇవన్నీ మీతో సరిపోతేనే పోల్చుకోవాలి, సరిపోవు. ఎక్కువ బరువుతో మొదలుపెట్టినవారు మొదట్లో ఎక్కువ కిలోలు తగ్గుతారు, మగవారు సాధారణంగా ఆడవారి కంటే త్వరగా తగ్గుతారు. ఆవిడ ఫోను నంబరు ఉంచుకోండి, వంటకాలు అడగడానికి పనికొస్తుంది.

తూకం ఆగింది, దువ్వెన నిండా జుట్టు వస్తోంది. రెండింటికీ సంబంధం ఉందా?

మూడో నెల నుంచి ఆరో నెల వరకు జుట్టు రాలడం పెద్ద ఆపరేషన్ తరువాత, త్వరగా బరువు తగ్గినప్పుడు వచ్చేదే. చాలామందికి ఏడాదిలోపు తిరిగి వస్తుంది. అయితే ప్రోటీన్, ఐరన్, జింక్ తక్కువైతే రాలడం ఎక్కువవుతుంది, ఆగదు కూడా. కాబట్టి జుట్టు కోసం నూనె మార్చే ముందు రోజుకు ఎన్ని గ్రాముల ప్రోటీన్ అందుతోందో లెక్క వేయండి, రక్తపరీక్షలో ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది) చూపించుకోండి.

## మూడో నెల నుంచి ఏడాది వరకు

ఐదో నెల వరకు బాగా తగ్గాను. తిండి పెంచలేదు, నడక మానలేదు. నెలగా అక్కడే ఉన్నాను. ఎందుకు?

మీరు మారారు కాబట్టి. 110 కిలోల శరీరాన్ని మోయడానికి, నడిపించడానికి అయ్యే ఖర్చు 85 కిలోల శరీరానికి కాదు. మొదట్లో తగ్గించిన తిండి ఇప్పటి అవసరానికి సరిపోయి ఉండవచ్చు. దీనికి తోడు త్వరగా బరువు తగ్గినప్పుడు శరీరం లెక్క కంటే ఇంకొంచెం పొదుపుగా ఖర్చు చేస్తుంది. మనకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి. కూర్చున్న చోటి నుంచే పిల్లల్ని నీళ్లు తెమ్మంటాం.

ఇక్కడ చాలామంది చేసే పని ఉన్న తిండిని ఇంకా కోసేయడం. దానితో కండ పోతుంది, కండ పోతే ఖర్చు ఇంకా పడిపోతుంది, ఆగిన తూకం గట్టిగా ఆగుతుంది. ముందు మూడు రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ కాగితం మీద రాయండి, టీతో సహా. తిండి పెంచలేదని చెప్పినవారి కాగితం చదివితే, పెరిగింది తిండి కాదు, మధ్యలో తినేవి అని చాలాసార్లు తేలుతుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వంట చేస్తూ రుచి చూసినదాన్ని, పిల్లవాడు వదిలేసిన అట్టు ముక్కను ఎవరూ తిండి కింద లెక్కవేయరు.

నాలుగు వారాలు దాటినా తూకం, నడుము కొలత రెండూ కదలకపోతేనే దాన్ని ఆగడం అనండి.

రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అన్నారు. ఇంత చిన్న పొట్టలో ఎలా పడుతుంది?

మాంసాహారులకు గోదావరి జిల్లాల్లో ఈ బాధ తక్కువ. ఉదయం రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు. మధ్యాహ్నం వండిన చేప ముక్కలు 100 గ్రాములు, దాదాపు 20. రాత్రి 75 గ్రాముల కోడి మాంసమో రొయ్యలో, 15 పైన. మధ్యలో గ్లాసుడు పాలు, 6. గట్టి పప్పు కప్పుడు, 8. మొత్తం 60 దాటింది. కొరమేను, శీలావతి, బొచ్చె ఏదైనా సరే, వేపుడు కాకుండా పులుసులో వేసి, పులుసు వదిలి ముక్క తినండి. పులస కొవ్వు చేప. పుస్తెలు అమ్మైనా తినాలంటారు కాబట్టి, వానాకాలంలో దొరికిన రోజున రెండు ముక్కలు తినండి, దానివల్ల ఎవరి తూకమూ ఆగదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత ప్రోటీన్ తినాలో డాక్టరును అడగాలి.

మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. పప్పుతో సరిపోతుందా?

పప్పు ఒక్కదానితో సరిపోదు. పలచని పప్పుచారును అయితే లెక్కలోకే తీసుకోకండి. 100 గ్రాముల పనీరులో 18 గ్రాములు, 30 గ్రాముల పొడి మీల్ మేకర్‌లో 15, 300 మిల్లీలీటర్ల పాలలో లేదా అంత పాల పెరుగులో 10, గట్టి పప్పు కప్పులో 8 దాకా ప్రోటీన్ ఉంటుంది. 60కి ఇంకా 9 తక్కువ పడుతుంది, దానికి చెంచాడు వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రోటీన్) పొడి చాలు. డబ్బా మీద చెంచాకు ఎన్ని గ్రాములో, చక్కెర ఎంతో చదివి కొనండి. ఉపాహారానికి ఇడ్లీ కంటే పెసరట్టు మేలు, లోపల ఉప్మా లేకుండా.

అన్నం పూర్తిగా మానేస్తే తూకం కదులుతుందా?

వరి పండే నేల మీద ఉండి అన్నం మానమని చెబితే పది రోజులు వింటారు, పదకొండో రోజు రెట్టింపు తింటారు. మానమని నేను చెప్పను. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 130 కేలరీలు, ప్రోటీన్ మూడు గ్రాములకు లోపే. అసలు చిక్కు అన్నం తినే పద్ధతిలో ఉంది.

మన భోజనం వరుస చూడండి. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు. ప్రతిదానిలోనూ అన్నం. చివరికి వచ్చేసరికి జారుగా ఉండే ముద్దలే. చారన్నం, మజ్జిగన్నం చిన్న పొట్టలో నిలవవు, లాకు ఎత్తేసిన కాలువలా దిగిపోతాయి. అరగంటలో ఆకలి, మళ్లీ ఇంకో కప్పు. పొట్ట నిండినట్టు తెలియాలంటే నమిలి తినే గట్టి పదార్థం ముందు లోపలికి వెళ్లాలి.

కాబట్టి వరుస తిప్పండి. ముందు చేప ముక్కో, కోడిమాంసమో, పనీరో, గుడ్డో. తరువాత కూర, కారం తక్కువ వేసిన కందబచ్చలి, పనసపొట్టు, బీరకాయ, ఏదైనా. చోటు మిగిలితే చివర నాలుగు ముద్దల అన్నం. చిన్న పళ్లెం, చిన్న చెంచా, ఇరవై నిమిషాలు. విస్తరి పక్కన నీళ్ల గ్లాసు పెట్టకండి. తిన్నాక అరగంట ఆగి తాగండి. చారు అంటే ప్రాణమైతే భోజనానికి, భోజనానికి మధ్య కప్పులో పోసుకుని తాగండి, అన్నంలో వద్దు.

నేను స్వీటు ముట్టను. అయినా ఎందుకు ఆగింది?

స్వీటు మానినవారి ఇంట్లో కారప్పూస డబ్బా ఉంటుంది. జంతికలు, చెగోడీలు, మిక్చరు 100 గ్రాములకు 500 కేలరీల పైనే. నమిలితే పిండైపోయి జారిపోతాయి కాబట్టి ఎన్ని తిన్నా పొట్ట నిండదు. జీడిపప్పు, వేరుశనగ మంచివే కానీ 30 గ్రాములకు 170 దాకా ఉంటాయి. గిన్నె ముందు పెట్టుకుని టీవీ చూస్తే లెక్క తప్పుతుంది.

రెండోది టీ. రోజుకు మూడు సార్లు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే 30 గ్రాములు, అంటే 120 కేలరీలు, పాలు వేరే. కొబ్బరిబొండం నీళ్లు తక్కువ కేలరీలవే, రోజుకు ఒకటి ఫరవాలేదు, కానీ లేత కొబ్బరి కూడా గీరి తినడం వేరే సంగతి. చెరకు రసం, కూల్ డ్రింకులు, డబ్బా పళ్లరసాలు వద్దు. మూడోది నూనె. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు దాటుతుంది. ఇంటిల్లిపాదికీ వండిన వేపుడులో మీ వాటాకు ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. ముక్కలు విడిగా తీసి వండించుకోండి.

రోజూ గంట సేపు కాలువ గట్టు మీద నడుస్తున్నాను. ఇంకేం చేయాలి?

నడక కొనసాగించండి, గుండెకు, షుగరుకు, మనసుకు మంచిది. కానీ ఒకే గట్టు, ఒకే వేగం, పక్కన మాట్లాడే స్నేహితుడు ఉంటే కొన్ని నెలల్లో శరీరానికి అది అలవాటైన పని. మధ్యలో రెండు మూడు నిమిషాల చొప్పున ఊపిరి వేగం పెరిగేలా నడవండి. దానికంటే ముఖ్యం కండకు పని చెప్పడం. సర్జన్ సరేనన్నాక వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి చేసే దండాలు, నీళ్ల సీసాలు ఎత్తడం చాలు, జిమ్ము అక్కర్లేదు. మేలో నడక పొద్దున్న ఏడింటి లోపు ముగించండి.

రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా నాది. తూకం ఆగడానికి నిద్ర కారణం కావచ్చా?

కావచ్చు. నిద్ర చాలకపోతే ఆకలిని పెంచే హార్మోన్లు పెరుగుతాయి, తీపి మీదికి, కారం మీదికి మనసు పోతుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్ల దగ్గర మేలుకుని ఉండేవారికి ఆ వేళ తోడు టీ ఫ్లాస్కు, బిస్కెట్ ప్యాకెట్. ఫ్లాస్కులో చక్కెర లేని మజ్జిగ, డబ్బాలో రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన శనగలు పెట్టుకెళ్లండి. పగలు నిద్ర విడతలుగా కాకుండా ఒకే దఫా ఆరేడు గంటలు, గది చీకటి చేసుకుని, ఫోను ఇంట్లోవారికి ఇచ్చేసి పడుకోండి. ఆపరేషన్‌కు ముందు గురకకు మిషన్ వాడినవారు బరువు తగ్గిందని మీ అంతట మీరే అది మానేయకండి, పరీక్ష చేయించాకే మానాలి.

తూకం ఆగింది, ఈ నెల నెలసరి కూడా రాలేదు. బలహీనత వల్లేనా?

ముందు గర్భ పరీక్ష చేసుకోండి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) వల్ల ఏళ్ల తరబడి గర్భం రానివారికి కూడా బరువు తగ్గగానే అండం విడుదల మొదలై గర్భం రావచ్చు. ఆపరేషన్ తరువాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం వద్దని డాక్టర్లు చెప్పేది తల్లికీ బిడ్డకూ పోషకాలు చాలవనే. బైపాస్ అయినవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగండి. గర్భం వచ్చి ఉంటే బరువు సంగతి పక్కన పెట్టి వెంటనే సర్జన్‌కు, గైనకాలజిస్టుకు ఇద్దరికీ చెప్పండి.

సంక్రాంతికి అల్లుడి హోదాలో అత్తవారింటికి వెళ్లాలి. తినకపోతే నొచ్చుకుంటారు. ఏం చేయను?

గోదావరి మర్యాదలకు వద్దు అన్న మాట వినబడదు. "వద్దు" కంటే "తరువాత తింటాను" అనడం మేలు, ముందే అత్తగారికి ఫోను చేసి డాక్టరు చెప్పారనడం ఇంకా మేలు. ఆత్రేయపురం పూతరేకు ఒకటి, అరిసె సగం తినండి, భోజనం అయ్యాక, ఖాళీ కడుపున కాదు. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తింటే గుండెదడ, చెమట, కడుపులో మెలికలు, విరేచనాలు రావచ్చు. పదిమందిలో అలా జరిగితే మర్యాద ఎక్కడికో పోతుంది. కనుమ నాడు గారె పక్కన పెట్టి మాంసం ముక్కలు తినండి. ఆ మూడు రోజుల్లో తూకం చూడకండి. ఇంటికి వచ్చాక కిలో పెరిగినట్టు కనబడితే అందులో ఎక్కువ భాగం ఉప్పు పట్టి ఉంచిన నీరే.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటే ఆగిన తూకం కదలదా?

భక్తి కోసం అయితే అది మీ ఇష్టం, తూకం కోసం అయితే వద్దు. పగలంతా ఏమీ తీసుకోకుండా ఉండి, చుక్కలు కనబడ్డాక ఒక్కసారిగా తినడం చిన్న పొట్టకు కుదరదు. వాంతి అవుతుంది, లేదా జారుగా ఉండే ఫలహారంతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. ఆ రోజు ప్రోటీన్, నీళ్లు రెండూ పోయినట్టే. కనీసం మొదటి ఏడాది కఠిన ఉపవాసాలు, ఒంటిపూట భోజనంతో చేసే దీక్షలు పెట్టుకోకండి. తరువాత కూడా పాలు, మజ్జిగ, నీళ్లు పగలు తీసుకునే వెసులుబాటు ఉంచుకోండి. షుగరు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం చేయకూడదు.

## ఏడాది దాటాక

118 కిలోల నుంచి 86కి వచ్చి ఆగాను. ఎత్తుకు తగ్గ బరువు 60 అని చార్టులో ఉంది. మిగతా 26 ఎప్పుడు తగ్గుతాయి?

బహుశా తగ్గవు, తగ్గనక్కర్లేదు కూడా. చాలామందికి అతి తక్కువ బరువు 12 నుంచి 18 నెలల మధ్య, కొందరికి రెండేళ్లకు వస్తుంది. మొత్తం బరువులో స్లీవ్‌తో నాలుగో వంతు, బైపాస్‌తో మూడో వంతుకు దగ్గరగా తగ్గితే అది మంచి ఫలితం. మీరు 27 శాతం తగ్గారు. ఇది ఆగిన తూకం కాదు, చేరిన తూకం. షుగరు మాత్రలు తగ్గాయా, బీపీ దిగిందా, మోకాళ్లు మెట్లు ఎక్కనిస్తున్నాయా, రాత్రి గురక పోయిందా చూసుకోండి. ఆపరేషన్ చేసింది వాటి కోసం. చార్టులోని 60 కోసం తిండి కోసేస్తే రక్తం పోయి, కండ పోయి, చివరికి బరువు తిరిగి వస్తుంది.

ఇప్పుడు మొదటి కంటే ఎక్కువ తినగలుగుతున్నాను. పొట్ట సాగిపోయిందా?

అందరికీ ఉండే భయం ఇది. మొదట్లో స్పూనుడు తినగానే నిండడానికి సగం కారణం వాపు. అది తగ్గాక, నెలలు గడిచేకొద్దీ కొంచెం ఎక్కువ పట్టడం మామూలే. ఏడాదికి ఒక కప్పు, కప్పున్నర పట్టడం చూసి బెంగపడకండి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. నీళ్లు, పులుసు లేకుండా ఉడికించిన కోడిమాంసమో పనీరో నెమ్మదిగా నమిలి తినండి. కొద్దిగా తినగానే చాలనిపిస్తే పొట్ట తన పని చేస్తోంది. అన్నం, ఉప్మా, బిస్కెట్లు ఎక్కువ పడుతున్నాయంటే తప్పు పొట్టది కాదు. గట్టి పదార్థం కూడా పాత రోజుల్లోలా పడుతుంటే సర్జన్‌ను కలవండి. ఎండోస్కోపీతోనో, మందు తాగించి తీసే ఎక్స్‌రేతోనో నిజం తేలుతుంది.

రెండో ఏడు దాటాక ఐదు కిలోలు పెరిగాను. మొత్తం తిరిగి వచ్చేస్తుందా?

అతి తక్కువ బరువు నుంచి కొన్ని కిలోలు వెనక్కి రావడం ఎక్కువమందిలో జరిగేదే. నెలనెలా పెరుగుతూ పోతుంటే మాత్రం ఊరుకోకూడదు. ఈ దశలో సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసేవారే ఎక్కువ. పది కిలోలు పెరిగాక వెళ్లడం కంటే మూడు కిలోలప్పుడు వెళ్లడం ఎంతో తేలిక. భోజనం వేళలు, మధ్యలో తినేవి, కొత్తగా మొదలైన మందులు, నిద్ర, ఇంట్లో దిగులు, అన్నీ చెప్పండి. దిగులు వచ్చినప్పుడల్లా వంటగదిలోకి వెళ్లే అలవాటును ఏ ఆపరేషనూ కోసి తీయలేదు, దానికి మానసిక నిపుణుల సాయం తీసుకోవడంలో నామోషీ లేదు.

బైపాస్ అయి రెండేళ్లు. భోజనం చేసిన రెండు గంటలకు వణుకు, చెమట. బెల్లం ముక్క తింటే తగ్గుతుంది, బరువు పెరుగుతోంది.

తిన్న పిండిపదార్థం వేగంగా పేగులోకి దిగి, ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవడం వల్ల ఇలా జరగవచ్చు. బెల్లం ప్రాణం నిలబెడుతుంది కానీ కాసేపటికి అదే చక్రం మళ్లీ మొదలవుతుంది. ఆ సమయంలో గ్లూకోమీటరుతో చూసి అంకె రాసుకోండి, డాక్టరుకు చూపించండి. తెల్లన్నం, తీపి తగ్గించి ప్రోటీన్ ముందు తింటే చాలామందికి నెమ్మదిస్తుంది. స్పృహ తప్పేలా ఉంటే వాయిదా వేయవద్దు, బండి నడపవద్దు.

బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయి కదా. వాడవచ్చా?

సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటివి ఆపరేషన్ తరువాత బరువు తిరిగి వచ్చినవారికి డాక్టర్లు వాడుతున్నారు, కొందరికి బాగా పనిచేస్తాయి. ఎవరికి, ఎంత మోతాదు అన్నది వారు తేల్చాలి. ఇప్పటికే తక్కువ తినే మనిషికి ఆకలి ఇంకా చచ్చిపోతే ప్రోటీన్, నీళ్లు పడిపోతాయి, వాంతులు, మలబద్ధకం రావచ్చు. పాంక్రియాస్ వాపు వచ్చినవారు, ఇంట్లో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు ముందే చెప్పాలి. స్నేహితుడి పెన్నులో మిగిలిన మందు పొడిపించుకోకండి. ఇక ఏముందో పేరు రాయని మూలికల పొడుల గురించి నా జవాబు ఒక్కటే: వద్దు.

రెండోసారి ఆపరేషన్ చేయించుకుంటే?

స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం లాంటివి చేస్తారు. అయితే రెండోసారి చేసేది మొదటిదాని కంటే కష్టం, ప్రమాదం కొంచెం ఎక్కువ, తగ్గే బరువు సాధారణంగా తక్కువ. పొట్ట ఆకృతిలో నిజంగా మార్పు ఉందని పరీక్షల్లో తేలినా, తీవ్రమైన ఛాతీమంట ఉన్నా అర్థం ఉంది. జంతికల డబ్బా అలాగే ఉంటే రెండో ఆపరేషన్ కూడా దానికి లొంగిపోతుంది.

పెళ్లిళ్లలో కాస్త మందు, ఊళ్లో కాస్త కల్లు. అదీ లెక్కేనా?

లెక్కే. ఆల్కహాలు గ్రాముకు 7 కేలరీలు, పక్కన నంజుకునే వేపుడు వేరే. అంతకంటే పెద్ద సంగతి, ఆపరేషన్ తరువాత మత్తు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. తిండి మీద ఉన్న యావ మందు మీదికి మళ్లిన మనుషులు ఉన్నారు. మొదటి ఏడాది అసలు వద్దు, తరువాత కూడా మానుకుంటేనే నయం.

## ఏ దశలోనైనా

తూకం ఎప్పుడు, ఎలా చూసుకోవాలి?

వారానికి ఒకసారి, ఒకే మిషన్ మీద, పొద్దున్నే, మలమూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తాగకముందు. మిషన్ గచ్చు మీద ఉండాలి, చాప మీద కాదు. ముందు రోజు ఆవకాయ, ఎండుచేప తింటే ఉప్పు వల్ల నీరు చేరి కిలో వరకు తేడా చూపవచ్చు. నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలిచి రాసుకోండి. అంకె ఆగిన నెలలోనే ఉంగరం వదులైనవారు, జాకెట్టు కుట్లు లోపలికి వేయించుకున్నవారు చాలామంది ఉన్నారు.

వేరే జబ్బులకు వాడే మందుల వల్ల తూకం ఆగుతుందా?

కొన్నింటితో ఆగుతుంది. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని మూర్ఛ మందులు, కొన్ని బీపీ మందులు బరువు పెంచవచ్చు. మీ అంతట మీరు ఆపకండి, చీటీ పట్టుకెళ్లి బదులు ఏమైనా ఉందా అడగండి. థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుని, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి, లేకపోతే అది ఒంటబట్టదు.

విటమిన్ మాత్రలు ఒళ్లు తెస్తాయట కదా, మానేస్తే తగ్గుతానా?

మాత్రల్లో చెప్పుకోదగ్గ కేలరీలు లేవు. బి12, ఐరన్, విటమిన్ డి, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల క్యాల్షియం జీవితాంతం కావాలి. మానేసిన ఫలితం తూకంలో కనబడదు, ఏడాది రెండేళ్ల తరువాత కాళ్ల తిమ్మిర్లలో, రక్తహీనతలో, ఎముకల్లో కనబడుతుంది. క్యాల్షియానికీ ఐరన్‌కూ మధ్య రెండు గంటలు ఉంచండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి? వెళ్తే ఏం పట్టుకెళ్లాలి?

తగ్గని కడుపునొప్పి, జ్వరం, గుండెదడ, నల్లని విరేచనం, పిక్కలో వాపు నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే అదే రోజు వెళ్లండి. రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోయినా అంతే. అప్పుడు బి1 విటమిన్ త్వరగా తరిగిపోయి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. బరువు బాగా తగ్గుతోందని వాంతులను చూసి సంతోషించిన ఇళ్లు కూడా ఉన్నాయి. అలా చేయకండి.

తూకం గురించి మాత్రమే అయితే తొందర లేదు. మూడు రోజుల తిండి రాసిన కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు, వారం వారం తూకం రాసిన పుస్తకం, నడుము కొలతలు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. డిశ్చార్జి కాగితం ఫోటో ఫోనులో ఉంచుకోండి, స్లీవ్ జరిగిందో మినీ బైపాస్ జరిగిందో చెప్పలేని మనిషి నెలకు ఒకరైనా నాకు ఎదురవుతున్నారు.